పాత కెమెరాను ఇన్‌ఫ్రారెడ్‌కు మార్చడం: గాజు కింద దుమ్ము పడకుండా

డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ ముందు, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును ఆపే నీలిఛాయ గాజు ఉంటుంది. దాన్ని తీసి, 720 నానోమీటర్ల కంటే పొడవైన తరంగాల వెలుతురునే వదిలే గాజు పెట్టాలి. 850 వద్దు, దాంతో నలుపు తెలుపు తప్ప రంగులు రావు. మీ మోడల్‌కే కోసిన గాజు కొనండి. మందం మారితే, ఆ తేడాలో దాదాపు మూడో వంతు దూరం ఫోకస్ స్థానం మారిపోతుంది.

జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ ట్వీజర్స్, రబ్బరు బ్లోయర్, పొడి లేని గ్లౌజులు చాలు. బ్యాటరీ తీసినా ఫ్లాష్‌కు కరెంటు నిల్వ చేసే కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. 2 కిలోఓమ్ రెసిస్టర్‌తో ఆ చార్జ్ దించి, మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. రిబ్బన్ కేబుళ్ల లాక్ ఎత్తాకే లాగాలి. సెన్సర్ కింద స్ప్రింగులుంటే, విప్పేముందు ఒక్కో స్క్రూను అడుగంటా బిగిస్తూ చుట్లు లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అడుగంటా బిగించి, అన్నే చుట్లు వదలాలి.

అసలు పని గాజు మార్చడం. దుమ్ము అణగడానికి వేడినీళ్లు వదిలిన బాత్రూమ్‌లో కూర్చోమని చాలామంది చెబుతారు. విశాఖలో అది పనికిరాదు. సముద్రపు గాలికి ఇక్కడ తేమ ముందే ఎక్కువ, గాజు కింద చిక్కిన తేమ ఫంగస్‌కు దారి తీస్తుంది. వానాకాలం వదిలేసి, సంక్రాంతి తర్వాతి పొడి రోజులు చూసుకోండి. గదిలో ఏసీ గంటసేపు నడిపి, ఆపి, అరగంట ఆగండి. ఫ్యాన్ వేయకండి. నూగు రాలే నూలు చొక్కా వద్దు.

పాత గాజు తీయగానే సెన్సర్‌ను బోర్లా పట్టుకుని కింది నుంచి బ్లోయర్ కొట్టండి. క్యాన్‌లో వచ్చే గాలి మాత్రం వాడొద్దు, ద్రవం చిమ్ముతుంది. సెన్సర్ ముఖాన్ని వేలితో గానీ గుడ్డతో గానీ తాకకండి. టార్చి ఏటవాలుగా వేసి చూస్తే నలుసులు మెరుస్తాయి. ఒక్కటి కనిపించినా మళ్లీ బ్లోయర్ కొట్టాల్సిందే. కొత్త గాజుకు రెండు వైపులా ఇలాగే చేసి, అంచులు పట్టుకుని ఒక్కసారే దించండి. జరిపితే అంచు రబ్బరు నలిగి పొడి రాలుతుంది. లోపల చిక్కిన నలుసును కెమెరా సొంత సెన్సర్ క్లీనింగ్ వదిలించలేదు.

మూసేశాక ఎండలో తెల్లగోడను ఎఫ్/16లో (లెన్స్ రంధ్రం చిన్నది చేసి), ఫోకస్ తప్పించి తీయండి. మచ్చలుంటే తెలుస్తాయి. ఎల్‌ఈడీ వెలుతురులో పరీక్ష వద్దు, అందులో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు. ఆ తర్వాత కైలాసగిరి పచ్చిక మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచూసే సెట్టింగ్) పెట్టుకోండి. ఫోకస్ మాత్రం లైవ్ వ్యూలోనే (వెనక తెర మీద చూస్తూ) చేయాలి, వ్యూఫైండర్ ఆటోఫోకస్ మామూలు వెలుతురు లెక్కకే అమర్చి ఉంటుంది.