హమ్మింగ్‌బర్డ్‌కు బెల్లం పానకం వద్దు

డల్లాస్ దగ్గర మా అబ్బాయి ఇంటికి వచ్చిన కొత్తలో, పెరట్లో వేలాడుతున్న ఎర్ర ఫీడర్‌ను, అంటే పువ్వుల తేనె తాగే బుల్లి పిట్టలు హమ్మింగ్‌బర్డ్‌లకు తీపినీళ్ళు పోసి పెట్టే సీసాను, చూడగానే నాకు తట్టింది పానకమే. శ్రీరామనవమి రోజులు. హమ్మింగ్‌బర్డ్‌లు కూడా ఇక్కడికి మార్చిలోనే వస్తాయి. బెల్లం తరగబోతుంటే కోడలు ఆపింది: "వద్దు అత్తయ్యా, బెల్లంలో ఇనుము ఉంటుంది. ఆ పిట్టలకు పడదు." అదే కారణంగా బ్రౌన్ షుగర్ కూడా పనికిరాదు. తేనె సంగతి సరేసరి, నీళ్ళు తగిలితే ఇట్టే పులిసి బూజు పడుతుంది. తెల్ల పంచదార ఒక్కటే వాడాలి.

ఒక గ్లాసు పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్ళు. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపేసి, పంచదార పోసి కరిగేదాకా కలపండి. అరిసెలు చేసి చేసి అలవాటైన చేయి పాకం పట్టాలని చూస్తుంది, పట్టనివ్వకండి. మరిగేకొద్దీ నీళ్ళు ఇగిరి కొలత తప్పుతుంది. పూర్తిగా చల్లారాక పోయండి. మిగిలింది ఫ్రిజ్‌లో వారం నిలవ ఉంటుంది. రంగు కలపనక్కరలేదు, ఫీడర్ ఎరుపు చాలు.

చేయడం పది నిమిషాల పని. కడగడమే అసలు పని. ఒక జులైలో నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి ఫీడర్‌లో నీళ్ళు కుడితిలా మసకబారాయి, ప్లాస్టిక్ పువ్వుల రంధ్రాల చుట్టూ నల్లని బూజు. ఒక పిట్ట వచ్చి, ముక్కు ఆనించకుండా గాలిలోనే ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయింది. మూడు గ్రాముల ప్రాణం, రూపాయి బిళ్ళంత బరువు కూడా లేదు. నాకు సిగ్గేసింది. అప్పటినుంచి ఎండాకాలంలో రెండు రోజులకోసారి, చల్లగా ఉంటే నాలుగైదు రోజులకోసారి మారుస్తున్నాను. వేడినీళ్ళూ వెనిగరూ పోసి, మనవడి పాలసీసా బ్రష్‌తో రంధ్రాలు తోమి, బాగా కడిగేస్తాను. వాడికి పాలసీసా మానిపించాక ఆ బ్రష్ నా సొత్తయింది.

చీమలు పట్టకుండా ఫీడర్ పైన చిన్న నీళ్ళ గిన్నె తగిలించండి. తీగకు నూనె రాయకండి, రెక్కలకు అంటుకుంటుంది.

ఇక మగపిట్ట పోట్లాట. నీడలో నల్లగా కనిపించే గొంతు తల తిప్పగానే కెంపులా మెరుస్తుంది, మరుక్షణం పక్కపిట్టను తరుముతుంది. అందుకే రెండో ఫీడర్‌ను దాని కంటపడకుండా ఇంటికి అవతలివైపు కట్టాం. అక్టోబరులో పిట్టలు కనబడటం మానేసినా ఫీడర్ తీసేయకండి. వెనకబడి దక్షిణానికి వెళ్ళే బాటసారులు ఉంటారు, ఇంకో రెండు వారాలు ఉంచండి.