సున్నంతో పాత గోడల మరమ్మతు – 3వ పాఠం: ఇటుకల సందులు నింపడం

గత పాఠంలో చల్లార్చి నీళ్లలో నిల్వ ఉంచిన సున్నం ఈపాటికి వెన్నముద్దలా దిగి ఉంటుంది. ఇక గోడ దగ్గరకు వెళదాం. కోనసీమలో మీకు దగ్గరలో మరమ్మతు జరుగుతున్న మండువా లోగిలి ఏదైనా సరే, ఇంటివారి అనుమతితో, సున్నం పని తెలిసిన మేస్త్రీ పక్కన నిలబడి చేయండి. తాపీ ఎంత వంచి నొక్కాలో ఆయన మణికట్టు చూస్తేనే తెలుస్తుంది, నేను ఎంత రాసినా తెలియదు.

ముందు గోడ అడుగు భాగం చూడండి. డెల్టాలో నేలలో నీరు పైపైనే ఉంటుంది, చెమ్మ ఇటుకల వెంట పైకి ఎక్కుతుంది. సందుల్లో సున్నం ఉంటే అది అక్కడి నుంచే ఆరిపోతుంది. ఎవరో బాగు చేద్దామని సిమెంటు కూరితే ఆ దారి మూసుకుపోతుంది, చెమ్మ ఇటుక ముఖం నుంచే ఆరాలి. దానితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే పేరుకుని దాన్ని పొరలు పొరలుగా రాలుస్తుంది. సిమెంటు గీతలు నిక్షేపంగా నిలబడి, వాటి మధ్య ఇటుకలు లోపలికి తినేసినట్టు కనిపించే గోడలు ఈ వైపు కొల్లలు. సందు ఇటుక కంటే మెత్తగా ఉండాలి. మెత్తనిదంటే చేతకానిదని కాదు: 1847–52 మధ్య కాటన్ ఆధ్వర్యంలో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట రాళ్లను పట్టి ఉంచింది సున్నమే.

ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. జల్లించి కడిగిన గోదావరి ఇసుకే వాడండి. సముద్రపు ఒడ్డు ఇసుక తెస్తే ఉప్పును మన చేతులతోనే గోడకు ఎక్కించినట్టు. చెమ్మ ఎక్కువ ఉన్నచోట ఇసుక కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలపండి, తడిలోనూ గట్టిపడుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారూ ఉన్నారు. సున్నం తీరు తెలిసేదాకా వాటి జోలికి వెళ్లకండి. కలిపేటప్పుడు నీళ్లు పోయాలనిపిస్తుంది, పోయకండి. తొక్కేకొద్దీ అదే మెత్తబడుతుంది. పూర్వం ఎడ్లతో గానుగ తిప్పించింది అందుకే. తాపీ తిరగేసినా జారకుండా అంటుకుని ఉంటే పాకం కుదిరినట్టు.

సందు వెడల్పుకు రెండింతల లోతు చేత్తోనే గీరండి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. దుమ్ము దులిపి, గోడ తాగినన్ని నీళ్లు చల్లి, పైన నీటి మెరుపు పోయాక నింపండి. గోరు గుచ్చితే గుర్తు మాత్రమే పడే దశలో గట్టి బ్రష్షుతో పైపైన కొట్టండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని గట్టిపడుతుంది, నున్నగా మెరుగు పెట్టిన ముఖం దానికి అడ్డు. తర్వాత కొన్ని రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా సున్నం ముట్టవద్దు.

ఈ విడతకు ఒక చదరపు మీటరు చాలు. పగుళ్లు వస్తే గోనె మధ్యలో ఆరిందేమో, నీళ్లు ఎక్కువయ్యాయేమో చూసుకుని, ఆ మేరకు గీరి మళ్లీ నింపండి. పూత పని 4వ పాఠంలో.