పాత కారు బ్రేకులు: కంపెనీ పార్టు ఎక్కడ తప్పదు, బయటి పార్టు ఎక్కడ చాలు

మా ఇంట్లో 2007 నాటి వ్యాగన్ ఆర్ ఉంది. ఎక్కువగా అమలాపురం చుట్టుపక్కలే తిరుగుతుంది. కోనసీమలో కారు నడపడమంటే సగం దారి కాలువ గట్ల మీదే. ఒక పక్క నిండుగా పారే కాలువ, ఇంకో పక్క పల్లంలో కొబ్బరితోట, ఎదురుగా ధాన్యం బస్తాలతో ట్రాక్టరు. బ్రేకు పట్టకపోతే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు.

"కంపెనీ పార్టు వేయించాలా, బయటిది వేయించాలా" అని చాలామంది అడుగుతుంటారు. ఏ పార్టో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. నేను పాటించే లెక్క ఇది: బ్రేక్ ఆయిల్‌ను పట్టి ఉంచే పార్టు అయితే కంపెనీదే, లేదా కార్ల కంపెనీలకు బ్రేకులు తయారుచేసిచ్చే సంస్థ తన సొంత డబ్బాలో అమ్మేదే కొంటాను. రాపిడికి అరిగే పార్టు అయితే పేరున్న బయటి బ్రాండు చాలు. ఇంతకీ అసలు జబ్బు ఏమిటో ముందు తేలాలి.

పెడల్ మెత్తబడింది, తొక్కి పట్టుకుంటే కిందకు దిగుతోంది

అన్నిటిలోకీ ప్రమాదం ఇదే. ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, తర్వాత అర నిమిషం గట్టిగా అదిమి పట్టండి. స్పాంజిలా ఉండి, వరసగా తొక్కితే గట్టిపడుతుంటే లైనులో గాలి చేరి ఉండవచ్చు. గట్టిగానే ఉండి మెల్లగా కిందకు జారుతుంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది. నాలుగు చక్రాల లోపలి వైపూ చూడండి. తడి కనిపిస్తే ఆ చక్రం సిలిండరో (ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నెట్టేది) హోసో (ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) కారుతోంది. వెనక డ్రమ్ములో (వెనక చక్రంతో తిరిగే ఇనుప గిన్నె) కారితే, దాన్ని లోపలి నుంచి ఒరుసుకుని ఆపే షూలు కూడా నాని పాడవుతాయి. వాటిని తుడిచి మళ్లీ వాడకూడదు, రెండు పక్కలా మార్చాలి.

ఎక్కడా తడి లేకుండా పెడల్ దిగుతుంటే చాలావరకు తప్పు మాస్టర్ సిలిండర్‌లోనే. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది అదే. లోపలి రబ్బరు కప్పులు ఆయిల్‌ను ఆపలేక వెనక్కి వదిలేస్తుంటాయి. నాకు ఇదే జరిగింది. "కిట్ వేసేస్తే సరిపోద్దండి, సిలిండర్ మొత్తం దేనికండి" అన్నారు మెకానిక్. పేరు లేని కవర్లో వచ్చిన రబ్బరు కప్పుల కిట్ వేయించుకున్నాను. నాలుగు నెలలకు, గట్టు మలుపులో పెడల్ నేలకు తగిలింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగితే కారు ఆగింది. పక్క సీట్లో మా అమ్మ ఉంది.

విప్పించి చూస్తే సిలిండర్ లోపలి గోడ తుప్పు పట్టి గుంటలు పడి ఉంది. కొత్త కప్పులను ఆ గుంటలే కోసేశాయి. తుప్పు ఎందుకంటే, డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవి 230, 155. నీరు చేరిన ఆయిల్ ఇనుమును లోపలి నుంచి తింటుంది, బ్రేకులు వేడెక్కినప్పుడు ఆవిరై పెడల్‌ను మెత్తబరుస్తుంది.

అందుకే లోపల గుంటలు పడితే కిట్ మాట మరిచిపోయి మాస్టర్ సిలిండర్ మొత్తం మార్చండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. ఆయిల్ ఒకటి రెండేళ్లకు మార్చాలి. సీలు విప్పని సీసానే కొనండి, కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే పోయండి. ఇంజను ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ కొంచెం కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటిలో కలపకూడదు.

బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగుతోంది

మెకానిక్‌లు ప్యాడ్లు (ముందు చక్రంతో తిరిగే డిస్క్ అనే ఇనుప పళ్లేన్ని ఇరువైపులా నొక్కిపట్టే పలకలు) మార్చేయమంటారు. ముందు కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) జారే పిన్నులు చూడమనండి. ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లకు, చేపల చెరువుల బురద దారుల్లో వెళ్లే కార్లకు ఈ పిన్నులు త్వరగా బిగుసుకుపోతాయి. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాసి, వాటి మీది చిరిగిన రబ్బరు తొడుగులు మార్చితే చాలాసార్లు లాగడం పోతుంది. పోకపోతే ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ జామ్ అయిందేమో, హోసు లోపల మూసుకుపోయిందేమో చూడాలి. హోసు మాత్రం కంపెనీదే వేయండి. ఎడమ పక్క ఒక బ్రాండు ప్యాడ్లు, కుడి పక్క ఇంకోటి వేసినా కారు లాగుతుంది. ఎప్పుడూ జతగానే మార్చాలి.

కీచుమంటోంది

వాన వెలిసిన మర్నాడు పొద్దున్న మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరలాడి తర్వాత పోతే అది డిస్క్ మీది పైపై తుప్పు. ఏమీ చేయక్కర్లేదు. రోజంతా కీచుమంటే ప్యాడ్ మందం చూడండి. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం. ఇనుము ఇనుమును గీకుతున్న చప్పుడు వస్తే కారు తీయకండి.

బయటి ప్యాడ్లు ధైర్యంగా వేసుకోవచ్చు. రానే, బాష్, బ్రేక్స్ ఇండియా వంటి పేర్లున్నవైతే. చాలా ప్యాడ్ల అంచు మీద "ఎఫ్ఎఫ్", "జీజీ" లాంటి జంట అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. రెండో అక్షరం ఇంగ్లీషు అక్షరక్రమంలో మొదటిదానికన్నా ముందుదైతే, ఉదాహరణకు "ఎఫ్ఈ" అని ఉంటే, వేడికి పట్టు తగ్గే రకం. పాత ప్యాడ్ల వెనకుండే పల్చటి రేకులను కొత్తవాటికి వేయకపోయినా కీచు వస్తుంది. ఈ మర్చిపోవడం చాలా మామూలు.

పెడల్ వణుకుతోంది

చాలావరకు డిస్క్ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి ఉంటుంది. కనీస మందం ఎంతో డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. దానికన్నా తగ్గితే లేతు మీద చెక్కించి సమం చేయించకుండా మార్చేయాలి. కొత్త డిస్క్ బిగించే ముందు హబ్ (చక్రం, డిస్క్ బిగించే మధ్య భాగం) మీది తుప్పు తీయకపోతే అది కూడా వణుకుతుంది.

వానల్లో వెనక చక్రం పట్టేసింది

హ్యాండ్ బ్రేకు లాగి వారం రోజులు వదిలేస్తే షూ డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుంటుంది. ఎక్సలరేటరు తొక్కి బలవంతం చేయకండి. ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి, అప్పటికీ రాకపోతే డ్రమ్మును చెక్కతో తట్టండి. ఇకమీదట గేరులో ఉంచి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి. నీళ్లలోంచి వచ్చాక పెడల్‌ను తేలిగ్గా నొక్కుతూ కొంతదూరం నడిపితే డ్రమ్ములు ఆరతాయి. ముంపులో మునిగిన కారుకైతే డ్రమ్ములు విప్పి ఒండ్రు కడగాల్సిందే.

షాపులో

పాత మోడలుకు కంపెనీ పార్టు కొన్నంత మాత్రాన నిశ్చింత కాదు. మారుతి 800 తయారీ 2014లో ఆగింది. అలాంటి కార్ల రబ్బరు సామాను గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉండి గట్టిబడవచ్చు. డబ్బా మీది ప్యాకింగ్ తేదీ చూడండి, రబ్బరును వేళ్లతో వంచి చూడండి, పగుళ్లుంటే తిరిగి ఇచ్చేయండి. హోలోగ్రామ్ లేనిది, అక్షరాలు మసకగా ఉన్నది, పార్టు నంబరు పాతదానితో కలవనిది డూప్లికేట్ అని అనుమానించండి. బిల్లు ఇవ్వనంటే కొనకండి.

ప్యాడ్లు మార్చాక కారు కదిలించే ముందు, గట్టిపడేదాకా పెడల్ తొక్కండి. పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కులో బ్రేకు పట్టదు. మొదటి రెండు వందల కిలోమీటర్లు ఒక్కసారిగా గట్టిగా తొక్కే అవసరం రాకుండా, ముందు బండికి దూరంగా నడపండి.