ఐబీనా, ఏ లెవెల్సా, ఇంటరా: ఎంపిక, ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ దరఖాస్తు విధానం

ఐజీసీఎస్‌ఈ (కేంబ్రిడ్జ్ బోర్డు పదో తరగతి స్థాయి కోర్సు) అయిన పిల్లలకైనా, పది తర్వాత ఇంటర్నేషనల్ స్కూల్లో చేరదామనుకునే పిల్లలకైనా దారులు ముఖ్యంగా మూడు. ఒకటి ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్) డిప్లొమా, రెండోది బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్ బోర్డు ఏ లెవెల్స్ (రెండూ పన్నెండో తరగతి స్థాయి చదువులే), మూడోది ఇంటర్ లేదా సీబీఎస్‌ఈ. కర్నూలు, అనంతపురం, కడపల్లో చాలామంది ముందు ఫీజు అడుగుతారు, తర్వాత హాస్టల్ చూస్తారు. వాటికన్నా ముందు ఇంకో ప్రశ్న తేలాలి. రెండేళ్ల తర్వాత మీ అబ్బాయి లేదా అమ్మాయి ఏ కౌన్సెలింగ్‌లో కూర్చోవాలి? ఈఏపీసెట్టా (ఏపీలో ఇంజినీరింగ్ వంటి సీట్లు), జోసానా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు), నీట్ కౌన్సెలింగా (మెడికల్ సీట్లు), విదేశీ యూనివర్సిటీనా? దీనికి జవాబు తెలిస్తే సబ్జెక్టులు, పరీక్ష నెల, కావాల్సిన సర్టిఫికెట్లు అన్నీ దాన్నిబట్టి తేలతాయి.

సబ్జెక్టుల లెక్క

ఐబీలో ఆరు సబ్జెక్టులుంటాయి. మామూలుగా మూడు హయ్యర్ లెవెల్‌లో, మూడు స్టాండర్డ్ లెవెల్‌లో చదువుతారు. ఒక్కోదానికి 7 పాయింట్లు. థియరీ ఆఫ్ నాలెడ్జ్ (జ్ఞానం ఎలా ఏర్పడుతుందో చర్చించే పాఠం), విద్యార్థి సొంతంగా రాసే 4,000 పదాల ఎక్స్‌టెండెడ్ ఎస్సే కలిపి గరిష్ఠంగా 3 పాయింట్లు, మొత్తం 45. డిప్లొమాకు కనీసం 24 కావాలి. 24 వచ్చినంత మాత్రాన డిప్లొమా చేతికొచ్చినట్టు కాదు. ఎస్సేలోగానీ థియరీ ఆఫ్ నాలెడ్జ్‌లోగానీ ‘ఈ’ గ్రేడ్ పడినా, సీఏఎస్ (కళలు, ఆటలు, సేవా కార్యక్రమాలు) పూర్తి చేయకపోయినా డిప్లొమా ఇవ్వరు, విడి సబ్జెక్టుల ఫలితాలే ఇస్తారు. ఆ కాగితంతో ఇక్కడ ఈక్వివలెన్స్ (మన పన్నెండో తరగతితో సమానమనే గుర్తింపు) దగ్గర ఇబ్బంది పడతారు.

డాక్టర్ కావాలనుకునే పిల్లలకు ఐబీలో ఒక చిక్కుంది, దీన్ని అడ్మిషన్ రోజునే అడగాలి. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ నాలుగూ ఉండాలి. ఐబీ మామూలు నిబంధనల్లో రెండు భాషలు, ఒక సోషల్ సబ్జెక్టు, ఒక మ్యాథ్స్ పోను సైన్సులకు మిగిలేది రెండు స్థానాలే. మూడు సైన్సులు తీసుకోవాలంటే స్కూలు ముందుగా ఐబీ నుంచి ‘నాన్ రెగ్యులర్ డిప్లొమా’ అనుమతి తెచ్చుకోవాలి. సోషల్ సబ్జెక్టు స్థానంలో మూడో సైన్స్ పెట్టడం ఎక్కువగా చేసే పద్ధతి. ‘చూద్దాం లెండి’ అనే మాట నమ్మి చేర్పించొద్దు, అనుమతి కాగితం ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లు మ్యాథ్స్‌లో ‘అనాలిసిస్ అండ్ అప్రోచెస్’ హయ్యర్ లెవెల్ తీసుకోవడం మేలు. ఐబీలోని ఇంకో మ్యాథ్స్ కోర్సు ‘అప్లికేషన్స్’ స్టాండర్డ్ లెవెల్‌తో విదేశాల్లో చాలా ఇంజినీరింగ్ కోర్సుల తలుపులు మూసుకుపోతాయి.

ఏ లెవెల్స్‌లో ఇబ్బంది ఇంకో రకం. అక్కడ మూడు సబ్జెక్టులతోనే సరిపెట్టేవాళ్లు ఎక్కువ. ఇంగ్లండ్ వెళ్లడానికి అది చాలు. కానీ జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్ నిబంధనలు పన్నెండో తరగతిలో ఐదు సబ్జెక్టులు అడుగుతాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఏ లెవెల్‌లో ఉంచి, ఏఎస్ లెవెల్‌లో (ఏ లెవెల్‌లో మొదటి సగం) ఇంగ్లిష్ జనరల్ పేపర్, ఇంకో సబ్జెక్టు కలిపితే ఐదు పూర్తవుతాయి. మొదటి ఏడాదిలోనే కలుపుకోవాలి, రెండో ఏడాది మధ్యలో గుర్తొస్తే టైం ఉండదు. ఏ లెవెల్స్‌లో ఒక సౌకర్యమూ ఉంది. మొదటి ఏడాది చివర ఏఎస్ ఫలితం బోర్డు నుంచే చేతికొస్తుంది. ఐబీలో మొదటి ఏడాది మార్కులన్నీ స్కూలు లోపలివే.

లోకల్ కోటా

మా అభిప్రాయంలో సీమ కుటుంబాలు అందరికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. పాత కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) లోకల్ ఏరియా కిందికొస్తాయి. లోకల్ అనిపించుకోవాలంటే పన్నెండో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9 నుంచి 12 దాకా, ఆ ఏరియాలో చదివుండాలి. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర, కర్నూలు వాళ్లకు హైదరాబాదు దగ్గర. కానీ రెండూ వేరే రాష్ట్రాలు. పదకొండు, పన్నెండు అక్కడ చదివితే ఆ వరుస తెగుతుంది. తల్లిదండ్రులు పదేళ్లుగా ఇక్కడే ఉన్నారని తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రంతో 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు పోటీ పడొచ్చు. ఎంబీబీఎస్ కన్వీనర్ సీటే లక్ష్యమైతే ఈ ఒక్క కారణం చాలు, బయటి స్కూలు గురించి మళ్లీ ఆలోచించడానికి.

ఫలితాలు ఎప్పుడొస్తాయి

ఐబీ మే పరీక్షల ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి. కేంబ్రిడ్జ్ జూన్ సిరీస్ (పరీక్షల విడత) ఫలితాలు ఆగస్టులో. భారత్ కోసం కేంబ్రిడ్జ్ మార్చి సిరీస్ కూడా పెడుతుంది, దాని ఫలితాలు మే నెలలోనే వచ్చేస్తాయి. ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. బయటి బోర్డుల పిల్లలు మార్కులు పంపితేనే ర్యాంకు ఇస్తారు. అందుకే ఇక్కడి సీట్లు కావాలనుకుంటే ఏ లెవెల్స్‌ను మార్చి సిరీస్‌లో రాయించే స్కూలే మేలు. మీ సబ్జెక్టులు ఆ సిరీస్‌లో ఉన్నాయో లేదో అడగండి, అన్నీ ఉండవు.

దరఖాస్తు ఎలా

ఢిల్లీలోని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, విదేశీ బోర్డుల చదువును మన పన్నెండో తరగతితో సమానమని తేలుస్తూ వచ్చింది. 2025లో యూజీసీ దీనికి కొత్త నిబంధనలు తెచ్చింది, కాబట్టి ఇప్పుడు ఏ సంస్థకు దరఖాస్తు పెట్టాలో ముందే చూసుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో విద్యార్థి పేరుతో రిజిస్టర్ చేసుకుని, స్కూలు స్థాయి ఈక్వివలెన్స్ ఎంచుకుని, మార్కుల పత్రాలు అప్‌లోడ్ చేసి, ఫీజు కట్టాలి. పదో తరగతి ఐజీసీఎస్‌ఈ పత్రం, పన్నెండో తరగతి పత్రం రెండూ కావాలి. పదిలో ఇంగ్లిష్‌తో కలిపి కనీసం ఐదు సబ్జెక్టులు పాసై ఉండాలి. ఏ గ్రేడ్ దాకా ఒప్పుకుంటారో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకుని, తక్కువైన సబ్జెక్టును నవంబర్‌లో మళ్లీ రాయించండి.

స్కాన్ చేసేటప్పుడు రంగులో, నాలుగు మూలలూ కనిపించేలా తీయించండి. ఫోన్‌తో తీసిన నీడపడ్డ ఫొటోలు వెనక్కొస్తాయి. కేంబ్రిడ్జ్ మొదట స్టేట్‌మెంట్ ఆఫ్ రిజల్ట్స్ ఇస్తుంది, అసలు సర్టిఫికెట్ తర్వాతెప్పుడో వస్తుంది. స్టేట్‌మెంట్ మీద స్కూలు సంతకం, సీలు వేయించుకుని సిద్ధంగా ఉంచుకోండి. ఐబీ వాళ్లయితే ట్రాన్స్‌క్రిప్ట్ అభ్యర్థనను స్కూలు కోఆర్డినేటర్‌తో ఫలితాలకు ముందే పెట్టించాలి.

జాతీయ స్థాయి సీట్లకు ఈ ఈక్వివలెన్స్ పత్రం పనికొస్తుంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు మాత్రం ఏపీ ఇంటర్ బోర్డు ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. ఒకటి ఉందని రెండోది వదిలేస్తే వెరిఫికేషన్ రోజున హెల్ప్‌లైన్ సెంటర్లో ఆగిపోతారు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ వెంట ఉండాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. కేంద్ర సంస్థలకు ఓబీసీ పత్రం కేంద్ర నమూనాలో, ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి.

పేరు

ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆధార్‌లో ‘వై. సాయితేజ’, పాస్‌పోర్ట్‌లో ‘సాయి తేజ యర్రగుంట్ల’, బోర్డు పత్రంలో ఇంకో వరుస. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టిగానా పూర్తిగానా, సాయి, తేజ మధ్య ఖాళీ ఉందా లేదా, అన్నిట్లోనూ ఒక్కలా ఉండాలి. స్కూలు బోర్డుకు పేర్లు పంపేటప్పుడే ఎంట్రీ స్టేట్‌మెంట్ (బోర్డుకు పంపిన వివరాల పత్రం) కాపీ అడిగి తీసుకుని, అక్షరం అక్షరం పాస్‌పోర్ట్‌తో సరిచూడండి. సర్టిఫికెట్ అచ్చయ్యాక మార్పు కావాలంటే స్కూలే బోర్డుకు రాయాలి, డబ్బూ పోతుంది, కౌన్సెలింగ్ తేదీలూ దాటిపోతాయి.

ఐజీసీఎస్‌ఈ తర్వాత ఇంటర్‌కే మారాలనుకుంటే పదో తరగతిని మార్చి సిరీస్‌లో రాయించండి. జూన్ సిరీస్ ఫలితం ఆగస్టులో వచ్చేసరికి కాలేజీలు తెరిచి చాలా రోజులవుతుంది, ఎంపీసీ, బైపీసీ సిలబస్ అప్పటికే చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.