బండిలో సిమ్ ఉంటే ఆ గుమ్మానికి గడియ పెట్టండి

ట్రావెల్స్ బండ్లు ఓ నాలుగైదు తిప్పేవాళ్లకి బండి ఎక్కడుందో చూపించే జీపీఎస్ ట్రాకర్ అంటే ఏముంది, బిగించే కుర్రాడొచ్చి రెండు వైర్లు కలిపి, ఫోన్‌లో యాప్ ఎక్కించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. మన పని అప్పుడే మొదలవుతుంది.

ముందు పాస్‌వర్డ్ మార్చండి. చాలా ట్రాకర్లు 123456తోనే వస్తాయి. 2022లో మైకోడస్ ఎంవీ720 అనే ట్రాకర్‌లో ఈ లొసుగుతో పాటు ఇంకొన్ని బయటపడ్డాయి, దానికి ఇంధనం ఆపేసే సౌకర్యం కూడా ఉంది, అంటే ఎవడో ఎక్కడో కూర్చుని మన బండి ఆపేయొచ్చన్నమాట. యాప్‌కి ఒకటి, ఎస్సెమ్మెస్ కమాండ్లకి ఇంకొకటి, రెండూ మార్చాలి. ఇంజన్ ఆపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వైరు నన్నడిగితే అసలు కలపొద్దు.

ఇక ట్రాకర్ డబ్బాలో వేసే సిమ్. ఫోన్‌లో వేసేది వేయకండి, 13 అంకెల నంబరుండే ఎంటూఎం సిమ్, అంటే యంత్రాల కోసం ఇచ్చేది, తీసుకోండి. ప్రైవేట్ ఏపీఎన్ (మామూలు ఇంటర్నెట్‌తో కలవని, మనకే వేరుగా ఉండే డేటా దారి) కావాలని, సిమ్‌ని ఆ డబ్బా ఐఎంఈఐకే (పరికరం గుర్తింపు నంబరుకే) కట్టేయమని, డేటా మన సర్వర్‌కి తప్ప ఇంకెక్కడికీ పోకూడదని, ఒక బండి నుంచి ఇంకో బండికి దారే ఉండకూడదని గట్టిగా అడగండి. ఈ చివరిది చాదస్తం కాదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే సెక్యూరిటీ పరిశోధకులు అమెరికాలో ఇంట్లో కూర్చుని హైవే మీద పోతున్న జీప్‌ని ఆపింది ఆ దారినే, స్ప్రింట్ అనే మొబైల్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న బండ్లని అదే నెట్‌వర్క్‌లోంచి ఎవరైనా పలకరించగలిగేవారు. 14 లక్షల బండ్లు రీకాల్ చేశారు, నెట్‌వర్క్‌లో వాళ్లు లోపలికి దూరిన ఆ దారీ మూసేశారు.

సిగ్నల్ పోయి మళ్లీ కలిసినప్పుడు ట్రాకర్ ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని చిరునామా) మారిపోవచ్చు, కాబట్టి దాన్ని చూసి బండిని గుర్తుపట్టే సర్వర్ దండగ. ప్రతి డబ్బాకీ సొంత సర్టిఫికెట్, అంటే నకలు తీయలేని డిజిటల్ గుర్తింపు కార్డు లాంటిది, ఉండాలి. సిగ్నల్ లేనిచోట సంగతి తెలియాలంటే ఒక శ్రీశైలం ట్రిప్ అయ్యాక మ్యాప్ తెరవండి: మన్ననూరు దాటాక ఘాట్ మలుపులేవీ లేకుండా దోమలపెంట దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత ఉందంటే, ఆ డబ్బా సిగ్నల్ లేనప్పుడు బండి తిరిగిన పాయింట్లు దాచుకుని తర్వాత పంపట్లేదు, మార్పించండి.

డ్రైవర్ మానేసిన రోజే అతని లాగిన్ తీసేయండి. బండి అమ్మితే తాళాలు ఇచ్చేముందే సిమ్ ఆపించి, యాప్‌లోంచి బండిని తొలగించండి. నేను మర్చిపోయాను, మూడు వారాల తర్వాత చూస్తే అమ్మేసిన బండి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర తిరుగుతోంది. కొన్నాయనకి ఫోన్ చేసి చెప్తే ముందు భయపడ్డాడు, తర్వాత తిట్టాడు.