ఫలాంక్స్ చెదరకుండా ఉండాలంటే శత్రువు మీద క్లిక్ చేయకండి

2004లో వచ్చిన యుద్ధాల కంప్యూటర్ గేమ్ 'రోమ్: టోటల్ వార్' ఇప్పటికీ ఆడుతున్నవాళ్ల కోసం ఒక చిన్న చిట్కా. ప్రాచీన గ్రీకు రాజ్యం మాసిడోన్‌తో ఆడేటప్పుడు నా ఫలాంక్స్, అంటే పొడవాటి ఈటెలతో ఒత్తుగా నిలబడే సైనికుల వరుస, ప్రతిసారీ చెల్లాచెదురయ్యేది. తప్పు నాదే, కంగారులో శత్రువు మీద నేరుగా క్లిక్ చేసేవాణ్ణి. అలా చేస్తే సైనికులు వరుస వదిలేసి తలో దిక్కుకీ తిరుగుతారు, కొందరు ఈటె పక్కన పెట్టి కత్తి దూస్తారు. ఇక ఫలాంక్స్ ఉన్నా లేనట్టే.

దాని బదులు శత్రువుల వెనకాల ఖాళీ నేల మీద రైట్ క్లిక్ పట్టుకుని అడ్డంగా లాగి, అక్కడికి నడవమని చెప్పండి. ఈటెలు దించుకుని వరుసగా నడుస్తూ మధ్యలో ఉన్నవాళ్లని అలాగే తోసుకుపోతారు. డబుల్ క్లిక్ మాత్రం వద్దు, పరుగెత్తారంటే వరుస పోయినట్టే. గార్డ్ మోడ్ ఆన్‌లో ఉంచితే పారిపోయేవాళ్ల వెంట పడరు. తరిమే పని గుర్రాలకి వదిలేయండి.

ఎగుడుదిగుడు నేల మీదకి అస్సలు తీసుకెళ్లకండి. క్రీ.పూ. 168లో గ్రీస్‌లోని పిడ్నా దగ్గర అసలు మాసిడోన్ సైన్యం కొంపమునిగింది అక్కడే: నేల సమంగా లేక వరుసలో సందులు పడ్డాయి, రోమన్లు ఆ సందుల్లో దూరి పొట్టి కత్తులతో పని కానిచ్చేశారు.