‘కనీసం ఒకరు’ అని అడిగే సంభావ్యత లెక్కను తప్పు పోకుండా ఎలా చేయాలి?

పదో తరగతిలో పాచికలు, నాణేలతో హాయిగా లెక్కలు చేసిన పిల్లలే ఇంటర్‌కి వచ్చాక సంభావ్యతలో మార్కులు పోగొట్టుకుంటారు. సూత్రం రాక పోగొట్టుకునేవాళ్లు తక్కువే. ఎక్కువ మంది లెక్కపెట్టే దగ్గరే దెబ్బతింటారు: ఒకే ఫలితాన్ని తెలియకుండా రెండుసార్లో మూడుసార్లో లెక్కలో వేసేస్తారు. అది ఎక్కడ జరుగుతుందో, ఎలా పట్టుకోవాలో చూద్దాం.

కాగితం, పెన్సిలు చాలు. క్యాలిక్యులేటర్ వద్దు. 9సి3 (తొమ్మిది మందిలోంచి ముగ్గురిని ఎన్ని రకాలుగా తీయవచ్చో చెప్పే సంఖ్య) కనిపించగానే 9!, 6!, 3! అంటూ వరసపెట్టి విప్పి కొట్టివేతలు చేయకండి. పైన 9×8×7, కింద 3×2×1, జవాబు 84. 7సి5 వస్తే దాన్ని 7సి2గా మార్చి 21 అని రాసేయండి. ఇంతకు మించి గుణకారాలతో పని లేదు.

మనం చేయబోయే లెక్క ఇది. ఐదుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఉన్నారు. చీటీలు వేసి ముగ్గురితో క్విజ్ జట్టు తీస్తాం. జట్టులో కనీసం ఒక అమ్మాయి ఉండే సంభావ్యత ఎంత?

మొదట, ఒక ఫలితాన్ని పేర్లతో రాయండి. రవి, సలీం, లత అనుకోండి. ఇప్పుడు పేర్ల వరస మార్చండి: లత, రవి, సలీం. జట్టు మారిందా? మారలేదు. అంటే వరసతో పని లేదు, ఇది సంయోగం. మారి ఉంటే ప్రస్తారం అయ్యేది.

‘ఎంపిక’ అన్న మాట ఉంటే సంయోగం, ‘అమరిక’ అంటే ప్రస్తారం అని బట్టీ పట్టించే పద్ధతి ఒకటి బాగా చలామణిలో ఉంది. దాన్ని వదిలేయండి. ‘తొమ్మిది మందిలోంచి ఒక లీడర్‌ని, ఒక డిప్యూటీ లీడర్‌ని ఎంపిక చేయండి’ అంటే జవాబు 9×8 = 72, 9సి2తో వచ్చే 36 కాదు. రవి లీడర్‌గా, లత డిప్యూటీగా ఉండడం ఒకటి, వాళ్లు తారుమారు కావడం ఇంకొకటి. అలాగే ‘గలగల’లోని నాలుగు అక్షరాలను ఎన్ని రకాలుగా అమర్చవచ్చని అడిగితే 4! = 24 అని రాయకూడదు. గగలల, గలగల, గలలగ, లగగల, లగలగ, లలగగ: ఇంకోటి రాయాలన్నా దొరకదు. నాలుగు చోట్లలో రెండు ‘గ’లకు ఏ రెండు చోట్లు ఇవ్వాలో తేల్చుకుంటే పని అయిపోతుంది, అంటే 4సి2. అడిగింది అమరిక, తేల్చింది సంయోగం. ప్రశ్నలోని మాటను కాకుండా మీరు రాసుకున్న ఫలితాన్నే చూడండి.

హారం, అంటే మొత్తం జట్లు: 9సి3 = 84. దీనిలో చెప్పాల్సిందేమీ లేదు.

ఇక లవం, అంటే కనీసం ఒక అమ్మాయి ఉన్న జట్లు. ఇక్కడ మాత్రం నెమ్మదిగా నడవాలి.

చాలామంది చేసేది ఇది: ‘కనీసం ఒక అమ్మాయి కావాలి కాబట్టి ముందు నలుగురిలో ఒక అమ్మాయిని తీసుకుందాం, నాలుగు రకాలు. మిగిలిన ఎనిమిది మందిలో ఎవరినైనా ఇద్దరిని తీసుకుందాం, 8సి2 = 28. మొత్తం 4×28 = 112.’ వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కానీ ఉన్న జట్లే 84, అమ్మాయి ఉన్న జట్లు 112 ఎలా అవుతాయి?

లత, సునీత, రవి ఉన్న జట్టును తీసుకోండి. ముందు లతను తీసుకుని, తర్వాత మిగిలినవాళ్లలోంచి సునీతను, రవిని తీసుకుంటే ఈ జట్టు వచ్చింది. ముందు సునీతను తీసుకుని, తర్వాత లతను, రవిని తీసుకున్నా ఇదే జట్టు వచ్చింది. జట్టు ఒకటే, లెక్కలో పడింది రెండుసార్లు. ముగ్గురూ అమ్మాయిలే అయితే మూడుసార్లు పడుతుంది. ఒకే అమ్మాయి ఉన్న జట్లు 4×5సి2 = 40, ఇద్దరున్నవి 4సి2×5 = 30, ముగ్గురున్నవి 4సి3 = 4. నిజమైన జవాబు 40+30+4 = 74. తప్పు పద్ధతి చేసింది 40 + 30×2 + 4×3 = 112. ఎక్కువ వచ్చిన 38 ఎక్కడి నుంచి వచ్చిందో చివరి అంకె దాకా తేలిపోయింది.

ఈ లెక్కలో తప్పు దానంతటదే బయటపడింది కానీ, ప్రతిసారీ అలా జరగదు. ఆరుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు ఉంటే మొత్తం జట్లు 56, సరైన జవాబు 36. తప్పు పద్ధతిలో 2×7సి2 = 42 వస్తుంది. 42 అనేది 56 కన్నా తక్కువే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) లాంటి పరీక్షల్లో ఇలాంటి సంఖ్య ఆప్షన్లలో కనిపిస్తే, అదే జవాబనుకుని ధీమాగా టిక్ పెట్టేస్తారు.

అందుకే ఈ పరీక్ష తప్పనిసరి. తయారైన జట్టును ఎదురుగా పెట్టుకుని వెనక్కి నడవండి: మొదటి మెట్టులో ఎవరిని తీసుకున్నామో ఈ జట్టును చూసి చెప్పగలమా? చెప్పగలిగితే గుణకారం సరైనదే. చెప్పలేకపోతే ఎక్కడో ఒకదాన్నే మళ్లీ మళ్లీ లెక్కపెడుతున్నట్టే. 4×5సి2 ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే జట్టులో ఉన్న ఒకే ఒక అమ్మాయే మొదటి మెట్టులో వచ్చినది. 4×8సి2 నెగ్గదు. నలుగురిని ఇద్దరిద్దరు చొప్పున రెండు జంటలుగా విడదీయమంటే 4సి2 = 6 అని రాసినా ఇదే గతి: రెండు జంటల్లో ముందు ఏది తీశామో చూసి చెప్పలేం. జవాబు 3. జంటలకు ‘ఒకటో బోర్డు, రెండో బోర్డు’ అని పేర్లుంటేనే 6.

‘కనీసం ఒకరు’ అన్నప్పుడు నేరుగా లెక్కపెట్టడమే దండగ. పూరక ఘటన పట్టుకోండి, అంటే అడిగినది జరగని ఫలితాలను లెక్కపెట్టి మొత్తంలోంచి తీసేయండి. అమ్మాయిలెవరూ లేని జట్లు 5సి3 = 10; 84−10 = 74. ఒకే ఒక్క తీసివేత. ‘కనీసం ఇద్దరు’ అన్నప్పుడు మాత్రం జాగ్రత్త. దాని పూరకంలో ‘ఒకే ఒకరు’తో పాటు ‘ఎవరూ లేకపోవడం’ కూడా ఉంటుంది. 84−40 = 44 అని ఆగిపోతే తప్పు; 84−40−10 = 34. సరిచూసుకోవాలంటే 30+4 ఉండనే ఉంది.

సంభావ్యతలను కూడడంలోనూ ఇదే తప్పు దొర్లుతుంది. పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యత 4×1/6 = 2/3 అంటారు. అలాగైతే ఏడుసార్లు వేస్తే 7/6 రావాలి, సంభావ్యత 1ని మించదు కదా. రెండు ఆరులు పడిన ఫలితాలు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి మరి. సరైనది 1−(5/6)⁴ = 671/1296, అంటే 0.518 దగ్గర. 1654లో గణితవేత్తలు పాస్కల్, ఫెర్మాల ఉత్తరాల్లో చర్చకొచ్చిన, జూదమంటే ఆసక్తి ఉన్న ఫ్రెంచ్ రచయిత షెవాలియే ద మేరే ప్రశ్న దీనికి కొనసాగింపే: రెండు పాచికలను కలిపి 24 సార్లు వేస్తే ఒక్కసారైనా జంట ఆరు పడే అవకాశం కూడా సగానికి మించి ఉంటుందని ఆయన అనుకున్నాడు. నిజానికి 1−(35/36)²⁴ విలువ 0.491 మాత్రమే.

లవం, హారం రెండూ ఒకే తీరుగా ఉండాలి. కింద వరసతో కలిపి 9×8×7 = 504 తీసుకుని పైన 74 వేస్తే 0.147 వస్తుంది, అది తప్పు. కింద వరస ఉంటే పైనా ఉండాలి: 74×6 = 444. అప్పుడు 444/504, లేదా వరస లేకుండా 74/84, రెండూ 37/42కే చేరతాయి. ఇలాంటి జట్ల లెక్కల్లో వరస లేనిదే వాడండి, సంఖ్యలు చిన్నవిగా ఉంటాయి.

కింద లెక్కపెట్టే ఫలితాలన్నీ సమసంభవాలు కూడా అయి ఉండాలి, అంటే ప్రతిదానికీ జరిగే అవకాశం సమానంగా ఉండాలి. నాణేన్ని రెండుసార్లు వేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అని డాలంబేర్ అంతటి గణితవేత్త 1754లో రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే రెండోసారి వేయక్కర్లేదని, బొమ్మ, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని మూడింటినీ సమానంగా చూశాడు. మొదటిది మిగతా రెండింటిలో ఒక్కోదాని కన్నా రెట్టింపు సార్లు జరుగుతుంది, జవాబు 3/4.

అన్నీ చేశాక కూడా అనుమానం ఉంటే సంఖ్యలను చిన్నవి చేయండి. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరి జట్టు. మొత్తం జట్లు ఆరే కాబట్టి పేర్లతో సహా రాసేయవచ్చు. కనీసం ఒక అమ్మాయి ఉన్నవి ఐదు. మీ పద్ధతి 2×3 = 6 అంటోందా? అయితే పెద్ద లెక్కలో వచ్చిన జవాబును కొట్టేసి, లవం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.